బ్రేకు పరీక్ష చేసిన పిల్లోడిని తప్పు పట్టకండి



ఈసారి కొంచెం పొడుగ్గా రాస్తున్నాను. ఓపికగా చదవమని వేడుకుంటున్నాను. నా చదువంతా తమిళ మీడియం. తెలుగు అక్షరాలు రిటైరైన తరువాత మన సంఘం ఆదివారం తరగతిలో కూర్చుని నేర్చుకున్నాను. ఒత్తులు తప్పితే మీరే సర్దుకొని చదవండి. విషయం మాత్రం తప్పు కాదు.

మూడు వారాల కింద మా చెల్లెలి కొడుకు ఫోటో ఒకటి మన గ్రూపులో పడింది. నెత్తిన హెల్మెట్టు, పక్కన చక్రం విప్పేసిన కారు, వెనక చెట్టిపాళెం రేసు ట్రాకు. కింద కామెంట్లు చూశాను. "ఇంట్లో పెద్దలు లేరా?" అని ఒకరు. "తిన్నది అరక్క" అని ఇంకొకరు. "బ్రేక్ ప్యాడ్ మార్చుకునేదానికి మెకానిక్ షెడ్డు చాలదా, రేసు ట్రాకు కావాలా?" అని మన కార్యవర్గ సభ్యులొకరు. ఆయన నాకన్నా పెద్దవారు, గౌరవం ఉంది. అందుకే గ్రూపులో ఎదురు మాట్లాడలేదు. ఇప్పుడు నిదానంగా జవాబు రాస్తున్నాను.

ఆ ఇంట్లో పెద్దలు ఉన్నారు. ఆ రోజు ఆ ట్రాకు దగ్గర ఉన్న పెద్దమనిషిని నేనే. ఫోటోలో కనపడలేదు, అంతే.

ముందు ఒక నిజం ఒప్పుకుంటాను. పిల్లోడు మొదటిసారి చెప్పినప్పుడు నాకూ కోపం వచ్చింది. "ట్రాకుకి ఫీజు, టైర్లు అరుగుదల, పెట్రోలు, కొత్త ప్యాడ్లు, ఇవన్నీ కలిపితే నా పెన్షన్లో ఎంత భాగమో తెలుసునారా?" అని అడిగాను. వాడు వాదించలేదు. "మామా, ఒక్క రోజు నాతో రా. లెక్క రాసేదానికి నాకు మనిషి కావాలి" అన్నాడు. లెక్క రాయమంటే నేను కాదనలేను. ముప్పై ఐదేళ్ళు రైల్వేలో అదే పని.

పోదనూరు నుంచి చెట్టిపాళెం ఎంత దూరమని? మన ఊరి పక్కన ఉండే ఆ ట్రాకుని ఇన్నేళ్ళలో నేను లోపలికి వెళ్ళి చూసింది లేదు. దానికి పెట్టిన పేరు మాత్రం మన కోవై తెలుగువాళ్ళందరికీ తెలిసిందే. లక్ష్మీ మిల్స్ కుటుంబంలో పుట్టిన ఎస్. కరివర్ధన్ గారు మారుతి 800 ఇంజనుతో ఫార్ములా మారుతి అనే రేసు కారు చేయించి, మామూలు ఇంటి పిల్లోళ్ళకి కూడా రేసు అందేలా చేశారు. 1995లో విమాన ప్రమాదంలో పోయారు. "కరి" అంటే ఆయనే. అంతకు చాలా ముందు, 1920లో, జి.డి. నాయుడు గారు పొల్లాచ్చి, పళని మధ్య ఒక బస్సుతో మొదలుపెట్టారు. మన సంఘం వార్షికోత్సవంలో ఆయన పటానికి దండ వేస్తాం. యంత్రాన్ని విప్పి చూడందే నిద్రపోని మనిషి అని ప్రసంగాలు చేస్తాం. అదే మన ఇంటి పిల్లోడు ఒక యంత్రాన్ని విప్పి చూస్తే "తిన్నది అరక్క" అంటాం. ఇది సబబేనా?

సరే, ఆ రోజు ఏం జరిగిందో చెప్తాను.

పొద్దున్నే ట్రాకు వాళ్ళు కారుని పరీక్ష చేశారు. బ్యాటరీ గట్టిగా బిగించి ఉందా, ఆయిల్ కారుతోందా, సీటు బెల్టు సరిగ్గా ఉందా, లోపల వదులు సామాను ఏదైనా ఉందా అని చూశారు. నీళ్ళ సీసా కూడా తీయించారు. అది దొర్లి బ్రేకు పెడల్ కిందికి పోతే ఏమవుతుందో ఆలోచించండి. మన కార్లలో డ్రైవరు కాళ్ళ దగ్గర ఎన్ని సీసాలు దొర్లుతుంటాయో కూడా ఆలోచించండి.

నా చేతికి ఒక అట్ట, కాగితం, పెన్సిలు ఇచ్చాడు. దూరం నుంచి వేడి కొలిచే చిన్న తుపాకీ లాంటిది ఒకటి ఇచ్చాడు. కాగితంలో గళ్ళు గీసి ఉన్నాయి: ఎన్నో చుట్టు, పెడల్ గట్టిగా ఉందా మెత్తగా ఉందా, వాసన, శబ్దం, డిస్కు వేడి. "మామా, ఒక్కసారికి ఒక్కటే మారుస్తాను. బ్రేక్ ఆయిల్ పోయిన వారమే కొత్తది పోశాను. టైర్లు అవే, గాలి అంతే, తోలేది నేనే. ప్యాడ్ ఒక్కటే మారుతుంది. అప్పుడే తేడా దేనివల్లో తెలుస్తుంది" అన్నాడు. ఇరవై ఎనిమిదేళ్ళ పిల్లోడి నోట ఈ మాట విన్నప్పుడు నా కోపం సగం దిగింది.

మొదట పాత ప్యాడ్లతో తిరిగాడు, అంటే కంపెనీ నుంచి కారుతో వచ్చే రకం. మొదటి రెండు చుట్లు బాగానే ఉన్నాయి. నాలుగో చుట్టుకి వాడు రోజూ బ్రేకు వేసే గుర్తు దగ్గరే వేసినా కారు మలుపు లోపలికి ఎక్కువగా వెళ్ళిపోయింది. చూస్తున్న నాకే తెలిసింది. వెంటనే నిదానించి, ఒక చుట్టు మెల్లగా తిప్పి చల్లార్చుకొని వచ్చాడు. "పెడల్ గట్టిగానే ఉంది మామా, కానీ కారు ఆగట్లేదు" అన్నాడు. నేను రాసుకున్నాను. కాలిన వాసన అని కూడా రాశాను.

ఈ ఒక్క మాట మీరందరూ గుర్తు పెట్టుకోవాలి. బ్రేకు రెండు రకాలుగా మోసం చేస్తుంది. పెడల్ గట్టిగా ఉండి బండి ఆగకపోతే, ప్యాడ్ వేడెక్కి పట్టు పోగొట్టుకుందని అర్థం. పెడల్ మెత్తబడి కిందికి దిగిపోతే, సాధారణంగా బ్రేక్ ఆయిల్ మరిగిందని అర్థం. ఆయిల్ మరిగితే అందులో ఆవిరి బుడగలు పుడతాయి. మీ కాలు ఆ బుడగలని నొక్కుతుంది, చక్రాన్ని కాదు. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమని మెల్లమెల్లగా పీల్చుకుంటుంది. డాట్ 4 రకం ఆయిల్ కొత్తదైతే మరగడానికి కనీసం 230 డిగ్రీలు ఉండాలని ప్రమాణం. తేమ పట్టిన తరువాత ఆ కనీస లెక్క 155కి దిగిపోతుంది. డబ్బాలో నిండా కనపడుతుంది, బలం మాత్రం పోయి ఉంటుంది. అందుకే దాన్ని రెండేళ్ళకోసారైనా, లేదా కారు పుస్తకంలో చెప్పిన గడువుకి మార్చాలి. మనలో ఎంతమంది మార్చారు? నేను మార్చలేదు. నా కారు కొని ఆరేళ్ళు.

తరువాత కొత్త ప్యాడ్లు వేశాడు. వేసిన వెంటనే జోరుగా తోలలేదు. ఒక మాదిరి వేగం నుంచి మెల్లగా బ్రేకు వేసి, పూర్తిగా ఆపకుండా వదిలి, మళ్ళీ వేగం పట్టి, మళ్ళీ బ్రేకు వేసి, ఇట్లా చాలాసార్లు చేశాడు. ప్యాడ్ లోని పదార్థం డిస్కు మీద పలచగా, సమంగా అంటుకోవాలట. దాన్నే ప్యాడ్ సెట్ అవ్వడం అంటారు. తరువాత చల్లారనిచ్చాడు. వేడిగా ఉన్నప్పుడు హ్యాండ్ బ్రేకు లాగలేదు. చక్రాలకి రాయి అడ్డం పెట్టాడు.

ఈ ప్యాడ్లతో మొదటి చుట్టులో కారు సరిగ్గా ఆగలేదు! నేను ఆశ్చర్యపోయాను. ఎక్కువ ధర పెట్టిన సరుకు కదా. వేడెక్కిన తరువాత మాత్రం నాలుగో చుట్టు, ఆరో చుట్టు, ఎనిమిదో చుట్టు, అన్నీ ఒకే రకంగా, అదే గుర్తు దగ్గర ఆగింది. కాకపోతే కీచుమని శబ్దం, చక్రం నిండా నల్లటి పొడి.

సాయంత్రం కారు చల్లారిన తరువాత వాడు కూర్చుని కొత్త ప్యాడ్లు తీసేసి మళ్ళీ కంపెనీ ప్యాడ్లు వేశాడు. పాతవి కావు, అదే రకంలో ఇంకొక కొత్త జత. "ఇంత బాగున్నవాటిని ఎందుకు తీస్తావురా?" అన్నాను. "ఇవి వేడి మీద పని చేసేవి మామా. రోడ్డు మీద పొద్దున్నే చల్లటి బ్రేకుతో ఎవరైనా అడ్డం వస్తే మొదటి తొక్కుకే ఆగాలి కదా. పైగా మీరు బండిలో ఉన్నారు" అన్నాడు. మిగిలిన సగం కోపం కూడా అక్కడే పోయింది.

నేను రైల్వేలో చక్రం ముట్టుకోలేదు, కాగితమే ముట్టుకున్నాను. క్యారేజ్ అండ్ వ్యాగన్ విభాగం ఆఫీసులో గుమాస్తాని. కానీ నా బల్ల మీద ఎక్కువగా నడిచిన కాగితం ఏదో తెలుసా? బ్రేక్ పవర్ సర్టిఫికెట్. ప్రయాణికుల బండి మొదటి స్టేషను నుంచి కదలాలంటే నూటికి నూరు బ్రేకులూ పని చేస్తున్నాయని పరీక్ష చేసినవాడు రాసి సంతకం పెట్టాలి, డ్రైవరు, గార్డు చూసుకొని సంతకం పెట్టాలి. అది లేకపోతే మంత్రి గారు బండిలో ఉన్నా బండి కదలదు. కదిలిన తరువాత కూడా డ్రైవరు దారిలో ఒకసారి బ్రేకు వేసి చూసుకుంటాడు. అవసరం వచ్చి వేసేది కాదు అది. బ్రేకు ఎట్లా పట్టుకుంటోందో కాలికీ చేతికీ తెలిసేదానికి వేసేది.

బ్రేకు కట్టల విషయం కూడా మా ఆఫీసులో చూశాను. ముందు పోత ఇనుము కట్టలు ఉండేవి. వేగం ఎక్కువైతే వాటి పట్టు తగ్గుతుంది. తరువాత కాంపోజిషన్ కట్టలు వచ్చాయి. అందులో ఎల్ రకం పాత ఇనుము కట్ట చోట సరిపోతుంది. కె రకానికి పట్టు ఎక్కువ కాబట్టి బ్రేకు అమరికనే మార్చాలి. కొత్త సరుకు వచ్చిందని ఊరికే తగిలించేది లేదు. పరీక్ష, మళ్ళీ పరీక్ష, కాగితం, సంతకం. మా పిల్లోడు చెట్టిపాళెంలో చేసింది అదే కదా? కాకపోతే వాడి వెనక రైల్వే బోర్డు లేదు, ఒక మామ ఉన్నాడు.

మన నీలగిరి కొండ రైలు ఎక్కినవాళ్ళు చూసే ఉంటారు. ఒక్కొక్క పెట్టెకీ ఒక్కొక్క బ్రేక్ మనిషి నిలబడి ఉంటాడు. ఇంజనుకి బ్రేకు ఉంది, అయినా ప్రతి పెట్టెకీ ఒక మనిషి. 1899లో మేట్టుపాళెం నుంచి కూనూరుకి రైలు నడిచింది. అప్పటివాళ్ళకే తెలుసు, కొండ ఎక్కేదానికన్నా దిగేదానికే ఎక్కువ జాగ్రత్త కావాలని.

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాను. మీలో కొందరికి ఇది నచ్చకపోవచ్చు.

కొన్నేళ్ళ కింద మన సంఘం వాల్పారై టూరు వెళ్ళింది. దిగేటప్పుడు నలభై హెయిర్ పిన్ మలుపులు. రెండో వ్యానులో నేను, నా భార్య, మా చెల్లెలు, ఇంకా మీలో పదిమంది ఉన్నారు. సగం మలుపులు దిగేసరికి కాలిన వాసన వచ్చింది. "ఎవరో కాఫీ గింజలు వేయిస్తున్నారు" అని వెనక సీటులో ఎవరో నవ్వారు. నేనూ నవ్వాను. ఇంకో రెండు మలుపులు దాటాక డ్రైవరు తంబి మొహం అద్దంలో కనపడింది. చెమట. పెడల్ ని పంపు కొట్టినట్టు కొడుతున్నాడు. గేరు బలవంతంగా కిందికి దించాడు, ఇంజన్ అరిచింది, ఎడమ పక్క కొండ గోడకి వ్యానుని రాసుకుంటూ పోయి ఆపాడు. అద్దాలు పగిలాయి, ఇద్దరికి నుదురు చిట్లింది. కుడి పక్కకి పోయి ఉంటే ఈ రాత రాసేదానికి నేను ఉండను, చదివేదానికి మీలో కొందరు ఉండరు.

మనం ఏం చేశాం? దేవుడు కాపాడాడు అన్నాం. తిరిగి వచ్చి గుళ్ళో అన్నదానం చేశాం. డ్రైవరుని తిట్టాం. వ్యాను బ్రేక్ ఆయిల్ ఎప్పుడు మార్చారని ఒక్కరం కూడా అడగలేదు. ఇంకో వ్యాను కన్నా తక్కువకి వస్తుందని దాన్ని మాట్లాడింది మనమే. "చీకటి పడేలోపల కోవై చేరాలి, తొందరగా దించు తంబీ" అని చెప్పింది కూడా మనమే. ఆ మాట చెప్పినవాళ్ళలో నేను ఒకణ్ణి. ఇప్పుడు రాసేదానికే సిగ్గుగా ఉంది.

ట్రాకు మీద పిల్లోడి కాగితం చూసిన రోజు రాత్రి ఒక లెక్క వేశాను. వెయ్యి కిలోల కారుని గంటకి 150 కిలోమీటర్ల వేగం నుంచి 60కి తగ్గిస్తే పుట్టే వేడితో దాదాపు రెండున్నర లీటర్ల నీళ్ళు కాగి మరుగుతాయి. ఒక్క బ్రేకుకే అది. నాలుగు టన్నుల వ్యాను మనుషులతో నిండి ఎనిమిది వందల మీటర్ల ఎత్తు నుంచి దిగితే? వంద లీటర్ల పైచిలుకు నీళ్ళు మరిగించే వేడి. కల్యాణ మండపంలో పెద్ద అండా నిండా నీళ్ళు అనుకోండి. ఆ వేడిలో గాలి కొంత తీసుకుంటుంది, ఇంజన్ కొంత తీసుకుంటుంది, మిగిలిందంతా బ్రేకులదే. గేరు తక్కువలో ఉంటే ఇంజన్ వాటా పెరుగుతుంది. డీజిల్ మిగులుతుందని న్యూట్రల్ లో దించితే ఇంజన్ వాటా పోయి, భారమంతా బ్రేకుల నెత్తిన పడుతుంది. ఆ రోజు మన వ్యానులో జరిగింది ఏమిటో నాకు అప్పుడు అర్థమయింది. పెడల్ మెత్తబడింది, అంటే ఆయిల్ మరిగింది. నా కాగితంలో గడి ఉంది దానికి. ఆ రోజు కొండ మీద మన దగ్గర కాగితమూ లేదు, గడీ లేదు.

చెట్టిపాళెంలో బ్రేకు చచ్చిపోతే పిల్లోడు ఇసకలోకి పోతాడు. హెల్మెట్టు ఉంది, పక్కన అంబులెన్సు ఉంది, ఎదురు బండి లేదు. వాడు బ్రేకుని అది ఓడిపోయినా ఫరవాలేని చోట పరీక్ష చేశాడు. మనం మన ఆడవాళ్ళని, పిల్లల్ని కూర్చోబెట్టుకొని వాల్పారై కొండ మీద పరీక్ష చేశాం. ఎవరికి పెద్దలు లేరు?

ఎదుటివాళ్ళ మాటలో న్యాయం లేదని అనను. ఖర్చు నిజమే. అప్పు చేసి ట్రాకుకి పోయేవాణ్ణి నేనే ఆపుతాను. ఒక రోజు ట్రాకు మీద తిరిగి, ఆ పొగరుతో అవినాశి రోడ్డు మీద జోరు చూపించే పిల్లోళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళకి నా మద్దతు లేదు. రోడ్డు మీద పందెం వేసేవాణ్ణి పోలీసుకి పట్టివ్వాలి, మన సంఘం పిల్లోడైనా సరే. కానీ మా వాడి సంగతి నేను కళ్ళారా చూస్తున్నాను. ట్రాకు నుంచి వచ్చినప్పటి నుంచి ముందు బండికి దూరం ఎక్కువ వదులుతున్నాడు. అడిగితే "నాలుగో చుట్టు గుర్తుంది మామా" అంటాడు. ఆగని బ్రేకుని ఒకసారి కాలితో చూసినవాడు మళ్ళీ బ్రేకుని ఊరికే నమ్మడు. ఈ బుద్ధి మనం ఎన్ని నీతులు చెప్పినా రాదు.

మన ఇళ్ళల్లో కారు కొంటే సీటు కవరుకి, పాటల పెట్టెకి, అలాయ్ చక్రాలకి డబ్బు లెక్క చూడం. బ్రేక్ ప్యాడ్ మార్చాలంటే మాత్రం "ఇంకా కొంచెం ఉంది కదా, వచ్చే సర్వీసులో చూద్దాం" అంటాం.

అందువల్ల వచ్చే సర్వసభ్య సమావేశంలో ఈ మూడు మాటలు పెట్టబోతున్నాను. మీ మద్దతు కోరుతున్నాను.

ఒకటి. సంఘం టూరుకి ఏ వ్యాను మాట్లాడినా, యజమాని దగ్గర ఒక పేజీ కాగితం తీసుకోవాలి. బ్రేక్ ఆయిల్ ఎప్పుడు మార్చారు, ప్యాడ్లు, లైనింగులు ఎంత మందం మిగిలి ఉన్నాయి, ఎవరు చూశారు, సంతకం. కాగితం ఇవ్వని వ్యాను ఎంత చవకగా వచ్చినా వద్దు. కాగితం నమూనా నేను తయారుచేసి ఇస్తాను, ఉచితంగా.

రెండు. కొండ దిగేటప్పుడు మధ్యలో కనీసం రెండుసార్లు బండి ఆపి బ్రేకులు చల్లార్చాలి. ఆ ఇరవై నిమిషాలు టూరు ప్రోగ్రాంలోనే రాయాలి. డ్రైవరుని తొందర పెట్టినవాళ్ళు ఎవరైనా సరే, నేనైనా సరే, వాళ్ళని దించేసి టౌను బస్సు ఎక్కించాలి.

మూడు. రాత్రి డ్రైవరుకి పడుకునేదానికి గది, కడుపు నిండా భోజనం సంఘం ఖర్చు. బ్రేకు ఎంత కొత్తదైనా తొక్కే కాలు నిద్రపోతే లాభం లేదు.

ఇంకొక చిన్న కోరిక. గ్రూపులో ఆ ఫోటో కింద కామెంటు పెట్టినవారు దాన్ని తీసేయమని నేను అడగను. ఒక ఆదివారం మీ కారు తీసుకొని మా ఇంటికి రండి. మా వాడు చక్రం విప్పి ప్యాడ్ ఎంత మిగిలి ఉందో చూపిస్తాడు, నేను కాగితంలో రాసి ఇస్తాను. కాఫీ మా ఇంట్లో. నా కారు బ్రేక్ ఆయిల్ పోయిన శుక్రవారం మార్పించాను. బయటికి తీసింది సీసాలో పట్టి ఉంచాను. ఆరేళ్ళ ఆయిల్ ఎట్లా ఉంటుందో అది కూడా చూసి పోండి.